పదకొండు పేర్లూ, మా మేస్త్రీ

మేస్త్రి పోయాడని మొన్న జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. చేసినవాడు మస్కట్‌లో ఆయనతో ఎనిమిదేళ్లు ఒకే రూమ్‌లో ఉన్న మనిషి.

"పొద్దుగాల మంచిగనే చాయ్ తాగిండమ్మా. కొడుకు కొత్తగ కట్టిచ్చిన అరుగు మీద కూసున్నడు. ఈ అరుగు ఎవడు కట్టిండ్రా, వాన పడితె నీళ్లన్ని ఇంట్లకే వస్తయ్, ఫినిషింగ్ లేదు అని తిట్టిండు. తిట్టుకుంటనే ఒరిగిండు" అన్నాడు.

అయ్యో అనాల్సిన చోట నేను ఫక్కున నవ్వాను. నవ్వి నాలిక కరుచుకున్నాను. తర్వాత అతనూ నవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరం అలా ఐదు నిమిషాలు నవ్వుకున్నాక, ఫోన్ పెట్టేసి నేను వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చాను. ఎవరైనా పోతే ముందు ఏడుపు రావాలి, నవ్వు ఎప్పుడో తర్వాత రావాలి. మేస్త్రి విషయంలో ఏదీ వరసలో జరిగి చావదు.

మాది తణుకు. మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని పదహారేళ్లుగా మస్కట్‌లో ఉంటున్నాం. శుక్రవారం పూట మా తెలుగువాళ్ల ఆరాధన జరిగే చర్చిలో పూలు అమర్చే పని నాది. ఆ ఆవరణ ఊడ్చి, తుడిచి, చెట్లకు నీళ్లు పోసే పని ఒక క్లీనింగ్ కంపెనీది. ఆ కంపెనీ పంపిన మనిషి మేస్త్రి. వీసాలో క్లీనర్ అని ఉంటుంది గానీ ఆ మాట ఆయన ముందు ఎత్తకూడదు. ముప్పై ఏళ్లు గోడలు కట్టిన చెయ్యి అది. మోకాళ్లు అరిగి పైకెక్కి పని చెయ్యలేకపోతే చేతికి చీపురిచ్చారు. ఆయన చీపురు పట్టుకున్నాడు. నీలం యూనిఫాం వెనక జేబులో తాపీని మాత్రం వదల్లేదు. అందుకని అందరికీ, కేరళవాళ్లకీ ఫిలిప్పీన్స్ వాళ్లకీ కూడా, ఆయన మేస్త్రే.

ఆయనకో జబ్బు ఉండేది. ఏ గోడ కనిపించినా వేలి కణుపుతో టకటకా తట్టి, చెవి ఆనించి వినేవాడు. ప్లాస్టరింగ్ లోపల గుల్లగా ఉంటే చప్పుడు వేరుగా వస్తుందట. చర్చి గోడలు తట్టాడు. గేటు స్తంభాలు తట్టాడు. ఒకసారి పాస్టరుగారు నిలబడి ప్రసంగం చేసే బల్లను తట్టి, పాస్టరుగారి ఎదుటే పెదవి విరిచాడు. ఆయనకు ప్రపంచంలో ప్రతిదానికీ ఫినిషింగ్ ఉంటుంది, లేదా ఉండదు. సాధారణంగా ఉండదు. నా ఉప్మాలో జీడిపప్పు ఉంది, ఫినిషింగ్ లేదు. ప్రసంగం మొదలు బ్రహ్మాండం, ఫినిషింగ్ లేదు. నిజ్వా ఊరి నుంచి మూడు బస్సులు మారి వచ్చి పాడిన కుర్రాళ్ల పాటకు తబలా ఉంది, గిటారు ఉంది, అది ఒక్కటే లేదు.

"ఏమయ్యా మేస్త్రీ, ఈ లోకంలో ఫినిషింగ్ ఉన్న వస్తువు ఒక్కటైనా ఉందా?" అని ఒకరోజు విసుగొచ్చి అడిగాను.

చీపురు గడ్డం కింద ఆనించుకుని చాలాసేపు ఆలోచించాడు. "కోడిగుడ్డు అమ్మా" అన్నాడు.

చర్చి పక్కన, వేపచెట్టు నీడలో నడుమెత్తు రాయి ఒకటి ఉంది. ఎప్పుడో ఇక్కడి కొండల్లో జరిగిన పోరులో చనిపోయిన విదేశీ సిపాయిల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, పదకొండు. ఏదో పాత క్యాంపు ఎత్తేసినప్పుడు ఆ రాయిని తెచ్చి ఇక్కడ నిలబెట్టారని చెబుతారు. ఏటా నవంబరులో ఒక శుక్రవారం పొద్దున ఆ దేశపు పెద్దమనుషులు కొందరు కోట్లు తొడుక్కుని వస్తారు. ఎర్ర కాగితం పూల చక్రం పెట్టి, వాళ్లలో పెద్దాయన రాయి మీద వేలు పెట్టి పదకొండు పేర్లూ చదివి, అందరూ రెండు నిమిషాలు మౌనంగా నిలబడి వెళ్లిపోతారు. మిగతా సంవత్సరమంతా అది కాకులకూ పావురాలకూ కుర్చీ. నేనూ ఎనిమిదేళ్లు పూలబుట్ట చంకన పెట్టుకుని దాని పక్కనుంచే నడిచాను. ఒక్క పేరు చదివిన పాపాన పోలేదు.

మేస్త్రీ నేనూ మొదట మాట్లాడుకున్నది ఆ రాయి దగ్గరే. ఉప్మాలూ అవీ తర్వాతి సంగతి. బతుకమ్మ రోజులు ఇంకా రాలేదు, ఎండ మాడుస్తోంది. నేను ఫోన్‌లో మా అక్కతో మాట్లాడుతూ వెళుతుంటే వెనకనుంచి, "అమ్మా, తెలుగోళ్లే గదా?" అని వినిపించింది.

"అవునండీ. ఎలా తెలుసు?"

"ఫోన్ల ఇంత లొల్లి బెట్టి ఇంకెవలు మాట్లాడుతరు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా రాయి వైపు చూపించాడు. "గీ రాసినయన్ని పేర్లేనా? జర సదివి పెట్టుండ్రి. నాకు ఇంగ్లీషు రాదు."

"ఇప్పుడెందుకు?"

"ఎల్లుండి పెత్రమాస గదా."

నాకు తెలియదని మొహం చూసి గ్రహించాడు. ఓపిగ్గా చెప్పాడు. "ఆ దినం మా దిక్కు సచ్చిపోయినోళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తం. బియ్యం, ఇంత కూరగాయ. ఊకె ఇయ్యొద్దు, పేరు జెప్పి ఇయ్యాలె. పేరు జెప్పకుంటె ఆ బియ్యం ఎవలికి ముట్టాలె? వీళ్లకు ఈడ ఇచ్చేటోళ్లు ఎవలున్నరు?"

"వీళ్లు క్రైస్తవులండీ. మాలో అలాంటివి లేవు."

"ఆకలి గుడ లేదా?"

"ఏటా వాళ్ల దేశంవాళ్లు వచ్చి పూలు పెడతారుగా?"

"కాయితం పూలు" అన్నాడు, జాలిగా. వాళ్ల మీద జాలో, నా మీద జాలో తెలియలేదు.

ఇక చదవక తప్పింది కాదు. ఎర్రటి ఎండలో ఎనిమిదేళ్ల తర్వాత ఆ పేర్లు మొదటిసారి చదివాను. ఆయన కళ్లు మూసుకుని, ఒక్కో పేరుకూ ఒక్కో వేలి కణుపు మీద బొటనవేలు నొక్కిపెట్టాడు. రెండోసారి చదవమన్నాడు. మూడోసారి నన్ను ఆపి తనే మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. ఎమ్మే చదివిన నాకు మా ఆయన ఫోన్ నంబరు ఇప్పటికీ నోటికి రాదు. ఆ రోజు నాకు ఆయన మీద అసూయ కలిగిందంటే అబద్ధం కాదు.

పెత్రమాస పొద్దున వెళ్లి చూద్దును కదా, రాయి ముందు వరసగా పదకొండు పిడికిళ్ల బియ్యం, ఒక్కో కుప్ప మీదా ఒక్కో వంకాయ. అయ్యగారు లేని లోటు పావురాలు తీరుస్తున్నాయి. మేస్త్రి దూరంగా నిలబడి, వాటికి దండం పెడుతున్నాడు.

మా చర్చి సెక్రటరీ కేరళ పెద్దాయన. ఆవరణలో ఆకు రాలినా ఎవరి అనుమతితో రాలిందని అడిగే రకం. ఆ ఏడాది నుంచి పావురాలు ఎందుకు పెరిగిపోయాయో అంతుపట్టక, పక్షులకు తిండి వెయ్యరాదని మూడు భాషల్లో బోర్డు రాయించి రాయి పక్కనే పాతించాడు. మేస్త్రికి ఆ మూడూ చదవడం రాదు. రోజూ పొద్దున్నే ఆ బోర్డును తళతళలాడేలా తుడిచేవాడు.

ఇక రాయితో ఆయన ముచ్చట్లు చూడాలి. అన్నిటికన్నా పొడుగు పేరున్నాయన రైలుబండి. నాలుగే అక్షరాలున్నాయన చిటికె. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఇద్దరుండేవారు, మధ్యలో వేరే పేరొకటి. "అన్నదమ్ములు. భూమి పంచాయితి ఉన్నట్టున్నది, నడిమిట్ల పెద్దమనిషిని కూసోబెట్టిండ్రు" అని తీర్పు చెప్పేశాడు. అందరికన్నా కింద, నేలకు జానెడు ఎత్తులో ఉన్న పేరు ఆఖరాయన. గడ్డికి నీళ్లు కొట్టే పైపు ఏళ్ల తరబడి తగిలి ఆ అక్షరాలు అప్పటికే అరిగిపోయి ఉండేవి. ఆయనంటే మేస్త్రికి ప్రాణం. తడిగుడ్డతో తుడిచేటప్పుడు అందరినీ గసిరేవాడు గానీ ఆయన్ని కాదు. "ఏం రైలుబండీ, మస్తు దుమ్ము తాగినవ్ గద రాత్రి! ఏ చిటికే, ఇటు మలుగు!" అని వినిపించిందంటే మేస్త్రి డ్యూటీలో ఉన్నట్టే. కిందికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయేది. "పానం మంచిగున్నదా?" అని అడిగేవాడు.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. ఆ సంవత్సరం నవంబరులో సోమవారంనాడు సెక్రటరీ నన్ను పిలిచి, ఈసారి వచ్చేది చాలా పెద్ద అధికారి అనీ, ఎంత తుడిచినా రాయి నల్లబారి ఉంది కాబట్టి మార్బుల్ పాలిష్ వాళ్లను బయటినుంచి పిలిపించమనీ చెప్పాడు. సరిగ్గా ఆ రోజే సహం నుంచి మా ఆడపడుచు నలుగురు పిల్లలతో దిగింది. ఇల్లు చేపల బజారులా ఉంది. మార్బుల్ వాళ్లను ఎక్కడని వెతకను? మేస్త్రికి ఫోన్ చేసి, "శుక్రవారానికి ఆ రాయి తెల్లగా మెరిసిపోవాలి. ఎలా చేస్తారో నాకు తెలియదు, మీ ఇష్టం" అన్నాను.

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి. ఫినిషింగ్ సూద్దురు" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడే నేను ఉన్నపళంగా టాక్సీ ఎక్కి ఉండాల్సింది.

బుధవారం మధ్యాహ్నం పూలకుండీలు తీసుకుని వెళ్లాను. గేటు దగ్గరే కళ్లు చెదిరాయి. రాయి ఉంది. తెల్లగా ఉంది. ఎంత తెల్లగా అంటే చూడటానికి చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. కిందా పైనా బెత్తెడు వెడల్పున ఎర్రటి పట్టీలు, నాలుగు మూలలా నాలుగు ఎర్రబొట్లు. పేర్లు మాత్రం లేవు. మేస్త్రి పక్కనే చేతులు కట్టుకుని పెళ్లికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు.

"మేస్త్రీ! పేర్లేవి?"

"లోపటున్నయమ్మా."

"లోపలుంటే ఎలాగండీ!"

"అరె, మా దిక్కు సమాధికి సున్నమేసి ఎర్రజాజు పట్టీ బెడితెనే పండుగ. ఈడ సున్నం దొరకలే, రూమ్‌ల మిగిలిన తెల్ల సిమెంట్ కలిపి రెండు కోట్లు ఏసిన. ఇగ పెయింటరొచ్చి పైకెల్లి పేర్లు నల్లగ రాస్తడు. పెయింటరు ఎన్ని గంటలకొస్తున్నడు?"

"ఏ పెయింటరు?"

"మీరు పిలవలే?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన మొహంలో రంగు నెమ్మదిగా దిగిపోయింది. నా సంగతి చెప్పనక్కర్లేదు.

అదే నిమిషాన సెక్రటరీ వచ్చాడు. రాయిని చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "యే క్యా కియా తుమ్?" అన్నాడు చివరికి.

"ఫినిషింగ్, సాబ్" అన్నాడు మేస్త్రి, సన్నటి గొంతుతో.

ఎవరు చెయ్యమన్నారని సెక్రటరీ అడిగాడు. నేను నోరు తెరిచాను. అంతలోనే మేస్త్రి, "మైనే కియా సాబ్, మేరా హీ దిమాగ్" అనేశాడు, చేసిందీ తనే, బుర్రా తనదే అని. నేను తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఈ రోజుకీ సిగ్గుగా ఉంటుంది.

సెక్రటరీ అరవలేదు. అరిచినా బాగుండేది. శుక్రవారం వచ్చే పెద్దమనిషి ఎప్పటిలాగే రాయి మీద వేలు పెట్టి పేర్లు చదువుతాడన్నాడు. పదకొండు పేర్లూ రాయి మీద ఉండి, ఆయన పదకొండూ చదివితే, తను ఏమీ చూడనట్టే. ఒక్కటి తగ్గినా అక్కడే నిలబడి కంపెనీ ముదీర్‌కి ఫోన్ చేస్తానన్నాడు. ముదీర్ అంటే మేనేజరు. ఆయన వీసా కేన్సిల్ చేస్తే మేస్త్రి వారంలోగా విమానంలో ఉంటాడు.

సెక్రటరీ వెళ్లాక మేస్త్రి గడ్డిలో కూలబడ్డాడు. "ఇంకొక్క ఏడాది ఉంటె ఇంటి పని అయిపోతుండెనమ్మా. ఇంటికి స్లాబు పడ్డది, గోడలకు ప్లాస్టరింగ్ కాలే. నేను, మేస్త్రిని, ప్లాస్టరింగ్ లేని ఇంట్ల ఎట్ల పండాలె? ఊరోళ్లు నవ్వరా?"

ఆ మాట నవ్వులాటగా అన్నది కాదు.

ముందు నా ఫోన్‌లో పాత ఫొటోలు వెతికాను. రాయి దగ్గర దిగినవి పద్దెనిమిది ఉన్నాయి. పద్దెనిమిదింటిలోనూ పేర్లకు అడ్డంగా నా పట్టుచీరలే ఉన్నాయి. అంతవరకు ఆ చీరలంటే నాకు గర్వం.

"ఫొటోలతోటి ఏం పని? తియ్యాలె" అంటూ మేస్త్రి లేచాడు. తెల్ల సిమెంటు వేసి ఒక్కరోజే అయింది, ఇంకా పచ్చిగానే ఉంది, గోకితే వస్తుందన్నాడు. మూడో రోజు దాటితే అది రాయితో సమానమట. కాబట్టి ఆ సాయంత్రం, గురువారం అంతా, శుక్రవారం తెల్లవారుజాము. మా దగ్గరున్న గడువంతా అదే.

మేకులు, పళ్లు తోముకునే బ్రష్షులు, నా జడపిన్నులు, మా ఆడపడుచు తలలోంచి లాక్కొచ్చిన ఇంకో ఆరు పిన్నులు. మా ఆయుధాలివి. ఇంగ్లీషు చదవడం వచ్చిన నేను పిన్ను పొడిచిన చోటల్లా వట్టి రాయి తగిలేది. చదవడం రాని ఆయన కళ్లు మూసుకుని, తడి చేత్తో ఆ తెలుపును నిమిరి, "ఈడ మలుగుతది, ఈడ కిందికి దిగి కొక్కెం తిరుగుతది" అంటూ మేకు మొన ఆనిస్తే పొడి రాలి, కింద నల్లటి గీత బయటపడేది. నాలుగేళ్లు రోజూ తుడిచిన చెయ్యి. ఏ అక్షరం ఏమిటో దానికి తెలియదు, ఎక్కడ ఉందో మాత్రం తెలుసు.

"రా రైలుబండీ, రా, ఇంకో డబ్బా గుంజు! ఓ పెద్దమనిషీ, పంచాయితి తర్వాత జూద్దువు, ముందు బైటికి రా!" అని కేకలు. దారిన పోయే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఆగి నవ్వారు. కాసేపటికి వాళ్లలో ఒకామె తన గోళ్ల సెట్టు తెచ్చి మాతో కూర్చుంది. చిటికె పేరు మొత్తం ఆమే తీసింది.

గురువారం మధ్యాహ్నం నేను ఇక ఆగలేక సెక్రటరీ గదికి వెళ్లి, చెయ్యమన్నది నేనే అని చెప్పేశాను. ఆయన తల ఎత్తకుండానే, "తెలుసు. నీకు చెప్పిన పని నువ్వు ఎప్పుడు చేశావు గనక?" అన్నాడు. మరి మేస్త్రిని వదిలేస్తారా అని అడిగాను. "పదకొండు అన్నాను. పదకొండే" అన్నాడు. ఒక గంట తర్వాత రాయి దగ్గరకు వచ్చి, తన కళ్లజోడు తీసి మేస్త్రి చేతిలో పెట్టి, దారి తడుముకుంటూ వెళ్లిపోయాడు.

పొద్దు గుంకేసరికి పది పేర్లు వచ్చాయి. శుక్రవారం తెల్లవారుతుండగా ఆఖరాయన దగ్గర కూర్చున్నాం. మేస్త్రి మేకు కూడా వాడలేదు. బ్రష్షు తడిపి, పసిపిల్ల మొహం తుడిచినంత నెమ్మదిగా రుద్దాడు. మొదటి అక్షరం కనిపించింది. నేను చప్పట్లు కొట్టాను. రెండో అక్షరం మీద బ్రష్షు ఆనిందో లేదో, టప్పున శబ్దమైంది. ఏళ్ల తరబడి నీళ్లు తాగి నానిన రాయి, సిమెంటుతో పాటే పెచ్చుగా ఊడి ఆయన అరచేతిలో పడింది. పడుతూనే పొడి అయిపోయింది. రాయి మీద అరచెయ్యంత గుంట మిగిలింది. అక్షరాల జాడ ఏమీ లేదు.

"పోయిండమ్మా" అన్నాడు. "ఇన్నొద్దులు ఉండి, నా చేతులల్లనే పోయిండు."

పెన్నుతో రాసేద్దాం మేస్త్రీ అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నేను సంచిలో పెన్ను కోసం దేవులాడుతుండగానే గేటు దగ్గర కార్లు ఆగాయి. చెప్పిన సమయానికి ఇరవై నిమిషాలు ముందే వచ్చారు మహానుభావులు.

పెద్దమనిషి ఆరడుగుల పైన ఉన్నాడు. నెరిసిన మీసం, కోటు నిండా పతకాలు. సెక్రటరీ తన ఫోన్‌లో బూర సంగీతం పెట్టాడు. ముందు ఏదో వంటనూనె ప్రకటన వచ్చి, తర్వాత బూర మొదలైంది. పూల చక్రం పెట్టారు. ఎర్రపట్టీలు ఇంకా ఒకటి రెండు చోట్ల మిగిలే ఉన్నాయి. పెద్దమనిషి వాటివైపు ఒకసారి చూసి, వంగి మొదటి పేరు మీద వేలు పెట్టాడు.

రైలుబండి అయ్యాడు. చిటికె అయ్యాడు. అన్నదమ్ములూ, మధ్యలో పెద్దమనిషీ అయ్యారు. నేను మనసులో లెక్కపెడుతున్నాను. పదోది అయింది. వేలు కిందికి దిగి గుంటలో పడి ఆగింది. ఆయన ఇంకా వంగి చూశాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. సెక్రటరీ చెయ్యి ఫోన్ మీదకు వెళ్లడం చూశాను.

అప్పుడు నా వెనకనుంచి, ఐదో అంతస్తు మీదున్నవాణ్ని కిందనుంచి పిలిచే గొంతుతో, ఒక కేక.

"తామస్!"

మేస్త్రి. తల మీది తుండు తీసి చంకన పెట్టుకుని, నిటారుగా నిలబడి, బొటనవేలు కణుపు మీద నొక్కి ఉంచాడు. ఇంటిపేరుతో సహా మొత్తం పేరు మళ్లీ చెప్పాడు. పెద్దమనిషి తిరిగి చూసి, తల ఆడించి, ఆ పేరును తన నోటితో అన్నాడు. పదకొండు. బూర మళ్లీ పెట్టడానికి సెక్రటరీ ఫోన్ నొక్కబోయాడు.

మేస్త్రి ఆగలేదు.

"మా నాయిన లచ్చయ్య!" అన్నాడు, అదే గొంతుతో. నేను గిరుక్కున తిరిగాను. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. బొటనవేలు తరవాతి కణుపు మీదకు జరిగింది. "మా పెద్దన్న రాజయ్య!" ఇంకో కణుపు. "మా మల్లేశం!"

పెత్రమాసకైనా మరెప్పుడైనా, పోయినవాళ్ల పేర్లు చెప్పడం ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదట. పరాయివాళ్లవి చెప్పి సొంతవాళ్లవి చెప్పకపోతే ఇంటివాళ్లు అలుగుతారట. తర్వాత చెప్పాడు. ఆ నిమిషాన నాకు తెలిసింది ఒక్కటే, కోట్లు తొడుక్కున్న ఆ మనుషుల ముందు మేస్త్రి కొంప మునిగింది. ఆయన్ని ఆపమని సెక్రటరీ నాకు కళ్లతో సైగ చేస్తున్నాడు. నేను ఆపలేదు. ఆపబుద్ధి కాలేదు. పెద్దమనిషి మాత్రం అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. ముగ్గురి పేర్లూ అయ్యేదాకా అలాగే కదలకుండా నిలబడ్డాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ. మేస్త్రి కళ్లు తెరిచాక రెండు నిమిషాల మౌనం మొదలైంది.

అంతా అయ్యాక పెద్దమనిషి నా దగ్గరకు వచ్చి, ఆ చివరి ముగ్గురూ ఏ దళంలో పనిచేశారని అడిగాడు. నేను మేస్త్రిని అడిగాను.

"ఏం పని జేసిండ్రని అడుగుతున్నడా? నాయిన రాయి కొట్టెటోడు. అన్న సెంట్రింగ్. మల్లేశం నా చేతి కింద సిమెంట్ మాల్ కలిపెటోడు. ఈడ్నే, సైట్ల, పై నుంచి పడ్డడు. ఇరవై రెండేండ్లు. వాని పేరు ఏడ రాయలే ఎవలు" అన్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దమనిషి కాసేపు మేస్త్రినే చూశాడు. తర్వాత తిరిగి రాయి దగ్గరకు వెళ్లి, ఆ గుంట ముందు తల వంచి మళ్లీ నిలబడ్డాడు. వచ్చి, సిమెంటు పొడి అంటుకుని ఉన్న మేస్త్రి చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వచ్చే ఏడాది కూడా పేర్లు ఈయనే చెబితే బాగుంటుందని సెక్రటరీతో అని కారెక్కాడు.

కార్లు వెళ్లిపోయాయి. సెక్రటరీ ఫోన్ తీశాడు.

మేస్త్రి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎవలికి జేస్తున్నడమ్మా?"

"ముదీర్‌కే" అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

సెక్రటరీ ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడాడు. ఇక్కడ పనిచేసే మీ మనిషి గురించి, అన్నాడు. మేస్త్రి వేళ్లు నా చేతికి గుచ్చుకున్నాయి. ఇతనికి నవంబరులో లీవు ఇవ్వకండి, అన్నాడు సెక్రటరీ. ఈ ఏడే కాదు, ఏ ఏడూ ఇవ్వకండి, ఇక్కడ అతనితో పని ఉంది. ఫోన్ జేబులో పెట్టుకుని, తన కళ్లజోడు కోసం చెయ్యి చాపాడు.

మేస్త్రికి తెలుగులో చెప్పాను. నేను ఏడవడానికి సిద్ధమై కొంగు పట్టుకున్నాను.

"నవంబర్ల లీవియ్యడా?" అన్నాడు. "ఏ ఏడూ ఇయ్యడా? నవంబర్ల మా మనుమరాలి లగ్గం పెట్టుకుంటె? నన్నొక మాట అడుగద్దా? గిట్లెట్ల జెప్తడమ్మా ఫోన్ల!" తుండు నెత్తికి చుట్టి, ఆ అరిగిన మోకాళ్లతోనే సెక్రటరీ వెనక పరిగెత్తాడు. "సాబ్! ఓ సాబ్! ఛుట్టీ తో దేనా పడేగా సాబ్!"

మూడు రోజులుగా, ఇంటికి పంపేస్తారని గజగజలాడిన మనిషి, ఇంటికి పంపనంటే ఊరుకునేది లేదని చర్చి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. ముందు సెక్రటరీ, వెనక మేస్త్రి, ఇద్దరి చేతులూ గాల్లో. కొంగు పట్టుకున్న నేను నవ్వలేక గడ్డిలో చతికిలబడ్డాను. మూడో చుట్టులో సెక్రటరీ ఓడిపోయాడు. డిసెంబరులో నలభై రోజులు ఇస్తానని ఒప్పుకుని కళ్లజోడు తీసుకున్నాడు.